క్రిస్మసు దినముల లెక్క – ఇంటిలోనే చేసికొను విధము

పండుగకు ముందు దినములను వ్రేళ్లపై లెక్కించుట పిల్లలకు సహజము. సంక్రాంతికి ఇంక ఎన్నాళ్లు, క్రిస్మసునకు ఇంక ఎన్నాళ్లు, రంజానునకు ఇంక ఎన్నాళ్లు అని వారు పెద్దలను అడుగుచునే యుందురు. ఈ ప్రశ్నకు ప్రతిదినమును ఒక చిన్న చీటితో సమాధానము చెప్పు పద్ధతి యొకటి క్రైస్తవ కుటుంబములలో కలదు. దానిని ఆడ్వెంటు క్యాలెండరు అందురు. డిసెంబరు 1వ తేది మొదలు 24వ తేది వరకు దినమునకొక గడి తెఱచి, అందులోని బొమ్మనో తినుబండారమునో తీసికొనుట దాని స్వరూపము.

మన పాఠశాలలో క్రైస్తవ కుటుంబముల పిల్లలు అనేకులు గలరు. వారి ఇండ్లకు ఈ వస్తువు ఇప్పుడు అంగళ్ల నుండి వచ్చుచున్నది. దానిని కొనకుండ, ఇంటిలో ఉన్న కాగితములతోనే చేసికొనుట యెట్లో, చెత్త మిగులకుండ ఏటేట వాడుకొనుట యెట్లో, దాని వలన మన పిల్లల తెలుగునకు ఎట్టి మేలు కలుగునో తల్లిదండ్రులకు వివరింపవలెనని ఈ వ్యాసము వ్రాయుచున్నాము. ఇతర మతముల వారు కూడ తమ పండుగలకు దీనిని మార్చుకొనవచ్చును. ఆ విషయము చివర చెప్పుదుము.

ఆగమన కాలము

ఆడ్వెంటు అను మాట ‘రాక’ అను అర్థము గల లాటిను పదము నుండి పుట్టినది. తెలుగు క్రైస్తవులు దీనిని ఆగమన కాలము అందురు. క్రిస్మసునకు ముందు వచ్చు నాలుగు ఆదివారములును ఇందులో చేరును. మొదటి ఆదివారము నవంబరు 27 మొదలు డిసెంబరు 3 వరకు గల ఏడు తేదీలలో ఏదో ఒకనాడు వచ్చును. అందుచేత ఈ కాలము అన్ని సంవత్సరములలోను సమానముగా ఉండదు. 2022లో క్రిస్మసు ఆదివారము నాడు వచ్చినది గనుక ఆగమన కాలము నవంబరు 27న మొదలై 28 దినములు నడచినది. 2023లో క్రిస్మసు సోమవారము నాడు వచ్చుటచే డిసెంబరు 3న మొదలై 22 దినములే నడచినది. ఇట్లు ఏటేట మారు లెక్కతో అచ్చువేయుట కష్టము. కావున క్యాలెండరు చేయువారు ఎల్లప్పుడును డిసెంబరు 1వ తేదీతో ప్రారంభించి 24 గళ్లు పెట్టుట ఆచారమైనది. ఒకమారు చేసినది మరుసటి సంవత్సరము కూడ పనికివచ్చుటకు ఈ 24 లెక్కయే కారణము.

ఇది ఎక్కడ పుట్టినది?

ఈ పద్ధతి జర్మనీ దేశపు లూథరను కుటుంబములలో 19వ శతాబ్దిలో పుట్టినది. మొదట ఇందులో కొనుటకు ఏమియు లేదు. ఇంటి తలుపుపై సుద్దముక్కతో 24 గీతలు గీసి దినమునకొకటి తుడిచివేసెడివారు. కొందరు పశువుల తొట్టి బొమ్మలో దినమునకొక గడ్డిపోచ వేసి, పండుగనాటికి బాలయేసునకు పడక సిద్ధము చేసెడివారు. మఱికొందరు గోడకు దినమునకొక పటము వ్రేలాడదీసెడివారు.

హాంబర్గు నగరములో పేదపిల్లలకు ఆశ్రమము నడపిన యోహాను హిన్రిక్ విఖర్ను అను బోధకుడు, పండుగ ఎప్పుడు వచ్చునని పిల్లలు మాటిమాటికి అడుగుచుండగా, 1839లో ఒక బండిచక్రము వంటి కొయ్యచక్రముపై క్రొవ్వొత్తులు నిలిపెను. వాడుక దినములకు చిన్న ఎఱ్ఱ వత్తులు, ఆదివారములకు పెద్ద తెల్ల వత్తులు. దినమునకొకటి వెలిగించుచు పోగా పిల్లలు లెక్క నేర్చిరి. నేడు దేవాలయములలో కనబడు నాలుగు వత్తుల ఆగమన చక్రము దీని నుండియే వచ్చినది.

అచ్చు క్యాలెండరునకు గేర్‌హార్టు లాంగు అను మ్యూనికు నగరపు ముద్రాపకుడు పేరు పొందెను. అతని చిన్నతనములో తల్లి ఒక అట్టపై 24 చిన్న తీపిబిళ్లలను కుట్టి దినమునకొకటి తినుమని ఇచ్చెడిదట. పెద్దవాడైన పిదప అతడు 20వ శతాబ్ది మొదటి దశాబ్దములో 24 బొమ్మలను అచ్చువేసి, కత్తిరించి అంటించుకొను క్యాలెండరును వెలువరించెను. తెఱచు చిన్న కిటికీలు గల క్యాలెండర్లు తరువాత వచ్చినవి. రెండవ ప్రపంచయుద్ధ కాలములో కాగితపు కొఱత వలన ఈ అచ్చు నిలిచిపోయినది. 1946లో స్టుట్‌గార్టు నగరమున రిచర్డు సెల్మరు మరల ప్రారంభించెను.

ఈ లూథరను సంప్రదాయమునకు తెలుగుదేశముతో సంబంధము లేకపోలేదు. జర్మనీలో పుట్టి, అమెరికా లూథరనుల పక్షమున వచ్చిన హేయరు దొరగారు 1842 జూలై 31న గుంటూరు చేరి అచట సేవ ప్రారంభించిరి. ఆంధ్ర ఇవాంజెలికలు లూథరను సంఘము 1927లో ఏర్పడినది. అట్టి సంఘములకు చెందిన కుటుంబములు ఉద్యోగముల కొఱకు మదరాసు ప్రాంతమునకు వచ్చి తరములుగా నిలిచియున్నవి.

అంగడి క్యాలెండరు – దాని చెత్త

ఇప్పుడు అంగళ్లలో దొరకు క్యాలెండరును విప్పి చూడుడు. పైన మెఱుగు పూసిన అట్ట. లోపల 24 గుంటలు గల పలుచని ప్లాస్టికు పళ్లెము. గుంటలో చిన్న చాక్లెట్టు బిళ్ల. అన్నిటిని చుట్టి ప్లాస్టికు పొర. 24 దినములలో బిళ్లలు అయిపోవును. 25వ తేదీ ఉదయమునకు మిగులునది చెత్తయే. మామూలు కాగితమైన నీటిలో నానవేసి గుజ్జు చేసి మరల కాగితము చేయవచ్చును. ప్లాస్టికు పొరయో, తళుకుపొడియో అంటియున్న అట్టను అట్లు చేయుట కష్టము. కావున అది కుప్పకు చేరును.

అలంకరణకు వాడు థర్మోకోలు, మిఠాయి పెట్టెలపై చుట్టు ప్లాస్టికు పొర మున్నగు ఒక్కసారి వాడి పారవేయు వస్తువులను భారత ప్రభుత్వము 2022 జూలై 1వ తేది నుండి నిషేధించినది. పశువుల పాక బొమ్మను థర్మోకోలుతో కట్టు అలవాటు గల ఇండ్లవారు దీనిని గమనింపవలెను. ఎండుగడ్డి, కొబ్బరిపీచు, మట్టి, పాత అట్ట ఇవి చాలును. మొదటి నుండి ఆ పాక గడ్డితో కట్టినదే గదా.

కావలసిన వస్తువులు

మా పిల్లలచే చేయించి చూచిన పద్ధతిని చెప్పుచున్నాము. గడచిన సంవత్సరపు గోడ క్యాలెండరు కాగితములు 12. పురికొస 4½ మీటర్లు. బట్టలకు పెట్టు కొయ్య క్లిప్పులు 24. మైదాపిండి ఒక చెంచా. కత్తెర, కొలబద్ద, పెన్సిలు. క్లిప్పులు లేకున్న దారముతో కట్టవచ్చును. క్యాలెండరు కాగితమునకు బదులు పెండ్లి శుభలేఖల కవర్లను వాడవచ్చును. మన ఇండ్లలో శుభలేఖలు కట్టలు కట్టలుగా ఉండును. వానిలో బంగారు మెఱుగు వేసినవి మరల కాగితముగా మారుట కష్టము గనుక, పది సంవత్సరములు ఈ పనికి వాడుటయే వానికి తగిన ఉపయోగము.

లోపల పెట్టు చీటీలకు ఈ ప్రాంతమున ఇంటింటను ఉండు దినసరి క్యాలెండరు చాలును. దినమునకొక కాగితము చించుదుము గదా. దానికి ఒకవైపు తెలుపుగా నుండినచో ఆ వైపున వ్రాయవచ్చును. నవంబరు నెలలో చించిన కాగితములను పారవేయక ఒక డబ్బాలో వేయుమని పిల్లలకు చెప్పవలెను. అవి 30 అగును. 24 చీటీలకు పోగా 6 మిగులును.

కవరు చేయు విధము

ఒక్కొక్క పెద్ద కాగితము నుండి 22 సెంటీమీటర్ల పొడవు, 12 సెంటీమీటర్ల వెడల్పు గల రెండు ముక్కలు కత్తిరింపవలెను. 12 కాగితములకు 24 ముక్కలు వచ్చును. అచ్చులేని వైపు బయటికి వచ్చునట్లు ఉంచి, రెండు ప్రక్కల అంచులను ఒక్కొక్క సెంటీమీటరు లోపలికి మడువవలెను. అప్పుడు వెడల్పు 10 సెంటీమీటర్లగును. తరువాత క్రింది భాగమును 9 సెంటీమీటర్ల మేర పైకి మడిచి, ప్రక్కల అంచులకు బంక పూసి అంటింపవలెను. పైన 4 సెంటీమీటర్లు మిగులును. అది మూత. దానిని అంటింపరాదు, మడిచి క్లిప్పు పెట్టిన చాలును. అంటించినచో తెఱచునపుడు చిరుగును. చిరిగినది మరుసటి ఏటికి రాదు.

బంకకు, ఒక చెంచా మైదాను ఐదు చెంచాల చల్లని నీటిలో ఉండలు లేకుండ కలిపి, సన్నని సెగపై కలుపుచు చిక్కబడు వరకు ఉడికింపవలెను. ఏనాటికానాడు కొంచెము చేసికొనుట మేలు. ఈ ప్రాంతమున అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనపు వానలు గనుక చెమ్మకు బంక బూజు పట్టును. పురుగు పట్టకుండ పుస్తకములు కుట్టువారు కలుపు మైలుతుత్తము విషము. పిల్లలు తాకు పనిలో దానిని వాడరాదు. అంటించిన కవర్లను ఒక పూట నీడలో ఆరనిచ్చి, తరువాత పుస్తకముల క్రింద పెట్టిన చదునుగా నిలుచును.

కవర్లపై అంకెలను తెలుగు అంకెలలో, అనగా ౧ మొదలు ౨౪ వరకు, పిల్లలచేతనే వ్రాయింపవలెను. ౧, ౨, ౩ అను అంకెలు నేటి పిల్లలలో పెక్కుమంది చూచియుండరు. 24 దినములు కంటి యెదుట నుండినచో వేఱుగా నేర్పనక్కఱలేదు.

పురికొసను మూడు ముక్కలుగా, ఒక్కొక్కటి 1½ మీటరు చొప్పున కత్తిరించి గోడపై మూడు వరుసలు కట్టవలెను. వరుసకు 8 కవర్లు. ఒక్కొక్క కవరునకు ఎడముతో కూడ 15 సెంటీమీటర్లు పట్టును గనుక 8 కవర్లకు 120 సెంటీమీటర్లు చాలును. తక్కిన 30 సెంటీమీటర్లు ముడులకు. చిన్నపిల్లలకు అందు ఎత్తున కట్టవలెను. దీపమునకు, క్రొవ్వొత్తికి, పొయ్యికి దూరముగా నుండవలెను.

కవరులో ఏమి పెట్టవలెను?

ఇదియే ముఖ్యమైన విషయము. కవరులో తినుబండారము పెట్టరాదు; చీమలు పట్టును, కాగితము నూనె పీల్చును. ‘నేడు నువ్వుల ఉండ’ అని చీటిలో వ్రాసి, ఉండను వంటయింటి డబ్బాలో నుంచవలెను. పిల్లవాడు చీటి చదివి తల్లికి చూపినప్పుడే డబ్బా మూత తీయవలెను. చదువకున్న తీపి లేదు! ఈ నిబంధనలో అంతయు ఉన్నది.

24 చీటీలను ఇట్లు పంచుకొనవచ్చును: తీపి చీటీలు 6, పని చీటీలు 6, చదువు చీటీలు 8, పాట లేక ప్రార్థన చీటీలు 4. తీపికి వేరుసెనగ ఉండ, కొబ్బరి ఉండ, అరిసె, కజ్జికాయ, గులాబిపువ్వు – పండుగకు ఇంట వండునవే. పని చీటీలలో: పాత నోటుపుస్తకములలో మిగిలిన తెల్లకాగితములను తీసి చిత్తుపుస్తకము కుట్టుట, చాలని బట్టలను ఉతికి మడిచి అవసరమైన వారికి ఇచ్చుట, అరిసెలు కాచిననాడు ప్రక్కయింటికి మొదటి పళ్లెము తీసికొనిపోవుట, నాయనమ్మ కళ్లజోడు తుడిచి ఇచ్చుట వంటివి. పని చిన్నదిగా, ఆనాడే ముగియునదిగా ఉండవలెను.

చదువు చీటీలలో సామెతలో సగము వ్రాసి పిల్లవానిని పూర్తిచేయుమనవచ్చును. ‘ఇంట గెలిచి’ అని మీరు వ్రాసిన, ‘రచ్చ గెలువు’ అని వాడు వ్రాయును. ఒకనాడు ‘తాతయ్య పుట్టిన ఊరి పేరేమి? ఆ ఊరు ఏ జిల్లాలో ఉన్నది? అడిగి వ్రాయుము’ అని ఉండవచ్చును. మొదటి వారములోనే ఒకనాడు ‘అమ్మమ్మకు పోస్టుకార్డు వ్రాయుము’ అని యుండవలెను. అప్పుడే పండుగలోపల జవాబు రాగలదు.

ప్రార్థన చీటీలకు సువార్తలలో క్రీస్తు జననము చెప్పు భాగములు తగినవి: లూకా 2వ అధ్యాయము మొదటి 20 వచనములు, మత్తయి 2వ అధ్యాయము మొదటి 12 వచనములు. పెద్దపిల్లలున్న ఇంటిలో ఇంకొక మార్గము కలదు. లూకా సువార్తలో సరిగా 24 అధ్యాయములు ఉన్నవి. డిసెంబరు 1 నుండి దినమునకొక అధ్యాయము తెలుగున బిగ్గరగా చదివినచో 24వ తేది రాత్రికి ఒక సంపూర్ణ గ్రంథము ముగియును. ఒక పుస్తకమును తుదిముట్ట తెలుగులో చదివితినను ధైర్యము పిల్లవానికి కలుగుట చిన్న లాభము కాదు.

తెలుగు విషయమున మా ఆందోళన

ఇంతగా చీటీల గురించి వ్రాయుటకు కారణము చెప్పుదుము. మన పిల్లలు ఇంటిలో తెలుగు మాటలాడుదురు. వీధిలో తమిళము మాటలాడుదురు. తమిళనాడు తమిళ అభ్యసన చట్టము 2006లో వచ్చినది. ఆ విద్యాసంవత్సరమున ఒకటవ తరగతితో మొదలుపెట్టి, క్రమముగా పై తరగతులకు తమిళమును తప్పనిసరి పాఠ్యభాషగా చేసినది. తమిళము నేర్చుట మంచిదే. మనకు అన్నము పెట్టు నేల భాష అది. దానిని మన పిల్లలు బాగుగా నేర్వవలెను. అయితే బడిలో తెలుగునకు దొరకు వేళ తగ్గినప్పుడు, ఆ లోటును ఇల్లు పూరింపవలెను. లేనియెడల తెలుగు నోటిలో నిలుచును, కంటికి అందకపోవును. మాట వచ్చియు అక్షరము రాని తరము ఏర్పడును. అమ్మమ్మ వ్రాసిన ఉత్తరము ఇంటికి వచ్చినపుడు దానిని చదువుటకు పొరుగింటికి పరుగెత్తవలసి వచ్చును.

తరగతిలో మేము ప్రతిదినము చూచు చిక్కు ఒకటి ఉన్నది. తమిళములో క, ఖ, గ, ఘ నాలుగింటికిని ఒకే అక్షరము. అటులే త, ద మున్నగు వానికిని. ఆ అలవాటుతో మన పిల్లలు తెలుగు వ్రాయునపుడు ‘గాలి’ని ‘కాలి’ అనియు, ‘బాట’ను ‘పాట’ అనియు, ‘దాత’ను ‘తాత’ అనియు వ్రాయుచుందురు. ఇది మందబుద్ధి కాదు. రెండు లిపుల భేదము. చదువు చీటీలలో ఇట్టి జంటపదములను ఉద్దేశపూర్వకముగా వాడుడు: ‘తాత దాత అయ్యెను, ఎవరికి ఏమి ఇచ్చెను?’ నవ్వుచు చదివినది మఱచిపోరు.

గత డిసెంబరున ఐదవ తరగతి పిల్లలు ఈ కవర్లు చేసి ఇండ్లకు తీసికొనిపోయిరి. ఒక ఇంటిలో తండ్రి తమిళ మాధ్యమమున చదివినవాడు; తెలుగు మాటలాడును, చదువలేడు. చీటీలను నాయనమ్మ వ్రాయుచుండెను, కుమార్తె చదువుచుండెను, తండ్రి వినుచుండెను. కొన్నాళ్లకు అతడు కుమార్తె ప్రక్కన కూర్చుండి అక్షరములు కూడబలుకుట ప్రారంభించెను. జనవరిలో ఆ బాలిక ప్రగతి పత్రముపై అతని సంతకము తెలుగున వచ్చినది. అక్షరములు వంకరగా నున్నవి. మాకు మాత్రము అందముగనే కనబడినవి.

భద్రపఱచుట

24వ తేది రాత్రి కవర్లను పారవేయరాదు. క్లిప్పులు తీసి, కవర్లను చదునుచేసి, పురికొస చుట్టి, అన్నిటిని ఒక బిస్కెట్ల డబ్బాలో ఎండు వేపాకుతో పెట్టవలెను. చిరిగినవానిని మాత్రమే మరుసటి ఏట క్రొత్తవి చేయవలెను. చదివిన చీటీలను కూడ దారమున గ్రుచ్చి ఉంచుడు. పదేండ్లకు అది ఒక గ్రంథమగును. అందులో అమ్మమ్మ చేతివ్రాత ఉండును, తాతయ్య ఊరిపేరు ఉండును, పిల్లవాని అక్షరము ఏటేట కుదురుకొనుట కనబడును.

ఇతర పండుగలకు

ధనుర్మాసమున దినమునకొక పాశురము చదువు ఆచారము తెలుగు, తమిళ గృహములు రెండింటిలోను కలదు. ఆండాళు తిరుప్పావైలో పాశురములు 30. కావున సంక్రాంతికి ఎదురుచూచు ఇంట 30 కవర్లు కట్టవచ్చును. రంజాను మాసము చంద్రదర్శనమును బట్టి 29 లేక 30 దినములు ఉండును గనుక 30వ కవరును వేఱుగా నుంచి, అవసరమైననాడు కట్టవచ్చును. ఏ పండుగయైనను చీటి మాత్రము తెలుగులో ఉండవలెనని మా మనవి.

ఇవి చేయుటకు ఒక ఆదివారపు మధ్యాహ్నము చాలును. ఖర్చు పురికొసకు మాత్రమే. నవంబరు చివరి వారములో పిల్లలను కూర్చుండబెట్టి ప్రారంభింపుడు. చీటీలు వ్రాయుటకు తెలుగు రానివారు సందేహింపక పాఠశాలకు రండు. సాయంకాలము తరగతులు ముగిసిన పిదప మా ఉపాధ్యాయులు కూర్చుండి వ్రాసి ఇత్తురు. మీరు కోరినచో వ్రాయుట నేర్పుదురు కూడ.